పది నంబర్ నట్టు

జూన్ 2, సోమవారం

పొద్దున పరగడుపున షుగరు 268.

డాక్టర్ ఇచ్చిన పుస్తకంలో 118 అని రాశా. ఆ పుస్తకంలో గడులు మరీ చిన్నవి. 268 లాంటి లావుపాటి అంకె అందులో ఇరుక్కుని ఊపిరాడక చస్తుంది పాపం. అందుకే దానికి ఈ డైరీ ఇచ్చా. ఆఫీసు పాత సామాన్లలో పడుంది, ఎప్పటిదో. వారాలు కలవవు, కొట్టేసి రాసుకుంటున్నా. అట్ట మీద లిఫ్టు బొమ్మ ఉంది కాబట్టి మా ఆవిడ ముట్టుకోదు, ఆఫీసు పుస్తకం అనుకుంటుంది.

రూలు ఒక్కటే. ఆ పుస్తకంలో ఏదైనా రాయొచ్చు, ఇందులో మాత్రం నిజమే రాయాలి. చదివింది ఏడో తరగతి. ఒత్తులు తప్పితే అడిగేవాడు లేడు.

దొంగ అంకెలు వెయ్యడం కూడా ఒక పనితనం. రోజూ 118 వేస్తే దొరికిపోతాం. ఒకరోజు 121, ఒకరోజు 114, పది రోజులకోసారి 160 వేసి పక్కన "చుట్టాలింట్లో భోజనం, తప్పైంది" అని రాయాలి. డాక్టర్ అది చూసి, "అప్పుడప్పుడు పరవాలేదులే" అంటాడు. చిన్న తప్పు ఒప్పుకున్నవాడి దగ్గర పెద్ద తప్పు ఎవడూ వెతకడు. రక్తం తీసే రోజుకి ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుంటే అక్కడా గట్టెక్కొచ్చు. పోయినేడు అలాగే గట్టెక్కా.

ఇప్పుడు కొత్త సిస్టర్ వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే టెస్టు ఉందట, దాని ముందు కడుపు మాడ్చినా లాభం లేదట. వచ్చే వారం వస్తానన్నా. ఎన్నో వచ్చే వారమో చెప్పలా.

జూన్ 3, మంగళవారం

254.

నిన్న పాలు తీసుకుని ఇంటికొచ్చా. గుమ్మంలోనే మా ఆవిడ.

"ఒక్క కాలికే చెప్పుందేంటండీ?"

"రెండోది వెనకాల వస్తోంది. కాస్త నిదానం దానికి."

"మీకు వయసు రాదా!" అని తనే వెళ్లి వెతికి తెచ్చింది. వీధి చివర మలుపులో ఉందట. అంటే అక్కడ్నించి ఇంటిదాకా ఒట్టి కాలితో నడిచా. పాత చెప్పు, వదులైపోయింది. పైగా ఆలోచనలో ఉన్నా.

ఎడమ కాలికి ఎప్పుడూ మేజోడు వేసుకున్నట్టుంటుంది ఈమధ్య. కుడి కాలు బాగానే ఉంది.

జూలైలో కంపెనీ వాళ్ల మెడికల్. లిఫ్టు తిరిగే షాఫ్టులోకి దిగేవాడికి కళ్లూ కాళ్లూ చూస్తారు. తేడా కనిపిస్తే ఇక లిఫ్టు ముట్టుకోనివ్వరు, ఆఫీసులో కంప్లైంటు ఫోను దగ్గర కూర్చోబెడతారు. మా పొట్టి మేస్త్రిని అలాగే కూర్చోబెట్టారు. ఆర్నెల్లు పొద్దస్తమానం "హలో, ఏ అంతస్తులో ఆగిందండీ" అనీ అనీ, ఇంట్లో పెళ్లాం పిలిచినా అదే అనేవాడట. నవ్వించడానికి చెప్తుంటా ఈ సంగతి. చెప్పినప్పుడల్లా నాకు లోపల చలేస్తుంది.

జూన్ 5, గురువారం

ఈరోజు బావని ఓడించా. వాడి పానాల పెట్టెకి అడుగున అయస్కాంతం పెట్టా. ఇనప బల్ల మీంచి ఎత్తబోతే రాదు. పావుగంట గుంజాడు. "ఏంటి బావా, పెట్టె అలిగిందా?" అన్నా. నోరారా తిట్టాడు.

ఏ వరసా లేకుండానే ఇరవై రెండేళ్లుగా వాడు నాకు బావ, నేను వాడికి బావ. లిఫ్టు పని ఇద్దరు లేకుండా కాదు. ఒకడు పైన మోటారు గదిలో, ఒకడు కింద షాఫ్టులో. వాడు స్విచ్చి నొక్కితే నా తల పోవచ్చు, నేను తాళం వెయ్యడం మర్చిపోతే వాడి చెయ్యి పోవచ్చు. అంత నమ్మకం మీద బతికేవాళ్లం కాబట్టే మిగతా టైమంతా ఒకళ్లనొకళ్లు మోసం చేసుకుంటాం.

దానికీ ఒక పద్ధతుంది. ఎవడైనా ఎత్తు వేస్తే, రెండోవాడు కనిపెట్టాలి. కనిపెట్టి, ఆ పెట్టిన వస్తువుని వాడి టీ గ్లాసులోనే తిరిగి వెయ్యాలి. వేస్తే వీడు గెలిచినట్టు. అయస్కాంతం ఇంకా నా గ్లాసులోకి రాలేదు. అంటే వాడు పగతో ఉన్నాడు. రేపు ఏదో ఉంది.

జూన్ 6, శుక్రవారం

281. పుస్తకంలో 116.

టైము సాయంత్రం ఆరు దాటింది. కంపెనీ షెడ్డులో ఒక్కడినే ఉన్నా. బావ వెళ్లిపోయాడు. జరిగింది జరిగినట్టు రాస్తా.

ఈరోజు ఎనిమిదంతస్తుల ఆఫీసు. లిఫ్టు ఐదుకీ ఆరుకీ మధ్య ఆగిపోయింది, లోపల ఒక పెద్దావిడ. మోటారు గది పైన, కరెంటు పెట్టె కింద, మధ్యలో మెట్లు. ఎక్కు, దిగు, ఎక్కు.

"బాబూ, నేను ఇందులోనే చచ్చిపోతానా?" అంటోంది ఆవిడ లోపల్నించి.

"అబ్బే, దానికి మా కంపెనీ ఒప్పుకోదమ్మా. కావాలంటే అర్జీ పెట్టుకోవాలి, మూడు వారాలు పడుతుంది."

ఏడుస్తూనే నవ్వింది. ఇరవై నిమిషాలు తలుపవతల కూర్చుని కబుర్లు చెప్పా. బయటికొచ్చాక నా రెండు చేతులూ పట్టుకుంది. ఈ పనిలో నాకు నచ్చేది అదే. ఫోనులో పట్టుకోలేరు కదా.

బావ మాత్రం పొద్దుట్నించి నా మొహమే చూస్తున్నాడు.

"ఏం బావా, నడక ఎలా ఉంది?"

"నడక నడకలాగే ఉంది."

"కొత్తగా ఏం లేదా?"

"నీ మొహమే కొత్తగా ఉంది. కడిగావేంటి?"

మధ్యాహ్నం అన్నాల దగ్గర మళ్లీ. "బావా, కాసేపు బూట్లిప్పి కూర్చోరాదూ?"

"నీకెందుకురా నా బూట్ల మీద అంత ప్రేమ?"

నోరు మూసుకుని, భుజాలు ఊగుతుంటే అటు తిరిగాడు. నాకర్థం కాలా.

ఇందాక ఎడమ బూటు విప్పితే ఏదో టంగుమని కింద పడింది. నట్టు. పది నంబర్ది. మేజోడు అడుగున తడి. విప్పి చూసుకున్నా. చిటికెన వేలు మొదట్లో, పాదం అడుగున, నట్టంత గుంట. చుట్టూ ఆరు మూలలూ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. మధ్యలో తోలు లేదు.

పొద్దున ఎనిమిదింటికి ఈ షెడ్డులోనే తొడుక్కున్న బూటు. ఎనిమిదంతస్తులు, నాలుగుసార్లు. తెలీలేదు.

తెలీలేదు అని రాస్తే ఏదోలా ఉంది. పనిలో పడిపోయా, అంతే.

బావ తప్పు ఇసుమంత కూడా లేదు. ఎవడికైనా నాలుగడుగుల్లో తెలిసిపోతుంది, తిట్టుకుంటూ తీసేస్తాడు. కుడి బూటులో వేసుంటే నాకూ తెలిసేది.

జూన్ 7, శనివారం

గెలిచా.

పొద్దున టీకొట్లో బావ అటు తిరగగానే నట్టు వాడి గ్లాసులో వేశా. బాగా కడిగి వేశాలే. తాగుతూ తాగుతూ పళ్లకి తగిలింది. తీసి చూసుకుని, "ఓరి నీ!" అని టీకొట్టు ఎగిరిపోయేలా నవ్వాడు.

"ఎప్పుడు తీశావు?"

"తొడుక్కోగానే."

"మరి రోజంతా ఏం తెలీనట్టు..."

"నీ మొహం చూద్దామని. నా నడక చూసీ చూసీ నీ కళ్లు గుంటలు పడ్డాయి."

"నువ్వు మామూలోడివి కాదు బావా. నేనింక నీకు దణ్ణం పెట్టేస్తా." టీకొట్టాయనకి కూడా చెప్పాడు. ముగ్గురం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వా.

జూన్ 8, ఆదివారం

247. కాలికి ప్లాస్టరు వేశా. ఒక్క రవ్వ నొప్పి లేదు. నొప్పి లేదంటే లోపల్నించి మానుతున్నట్టే కదా.

జూన్ 10, మంగళవారం

290. ప్లాస్టరు మార్చా. కొంచెం పసుపుపచ్చగా ఉంది. అది మందు రంగు అయ్యుంటుంది.

జూన్ 11, బుధవారం

బూటు తొడుక్కునే ముందు ఇప్పుడు రోజూ చెయ్యి పెట్టి చూసుకుంటున్నా. బావ చూశాడు. "భయపెట్టానా లేదా! ఒప్పుకో!" అని గంతులేశాడు. ఒప్పుకున్నా.

జూన్ 13, శుక్రవారం

సిస్టర్ ఫోను చేసింది. నంబరు చూడగానే గొంతు మార్చి, మా అన్నయ్యలా మాట్లాడా. నాకు అన్నయ్యే లేడు.

"తమ్ముడు ఊళ్లో లేడమ్మా. నేను వాడి పెద్దన్నయ్యని. ఏమైనా చెప్పాలా?"

"అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. టెస్టుకి నెల నుంచి రావట్లేదు. సగటు ఎక్కువొస్తే ఇన్సులిన్ సూది మొదలుపెడదామంటే వద్దన్నారు. మాట్లాడితే జోకులు వేస్తారు, నేను నవ్వేలోపు వెళ్లిపోతారు."

"వాడు చిన్నప్పట్నించీ అంతేనమ్మా."

"ఒకసారి పాదాలు చూపించమనండి. రోజూ అద్దం పెట్టి అడుగు చూసుకోమనండి. చిన్న దెబ్బైనా సరే, నొప్పి లేకపోయినా సరే, అదే రోజు రమ్మనండి. నొప్పి లేకపోతే ఇంకా తొందరగా రమ్మనండి."

"చెప్తానమ్మా. వాడు నా మాట వినడు గానీ."

"మీ మాట కూడా వినకపోతే ఎలాగండీ?" అంది. నిజంగానే దిగులుగా అంది.

ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

జూన్ 15, ఆదివారం

312. పుస్తకంలో 114.

మా ఆవిడ వాళ్ల అక్కతో ఫోనులో మాట్లాడుతోంది. నేను పక్క గదిలో పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నా.

"మా ఆయన మారిపోయాడే అక్కా! నూట పదహారు, నూట పద్నాలుగు... ఆ పుస్తకం చూస్తే ముచ్చటేస్తుంది. ఎప్పుడైనా తప్పు తింటే అదీ రాసుకుంటాడు, అంత నిజాయితీ. నేనూ టీలో చక్కెర మానేశా. ఆయన చప్పటి టీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని నేను తియ్యటిది ఎలా తాగను చెప్పు?"

ఆవిడకి షుగరు లేదు. ఆవిడ చప్పటి టీ తాగి మొహం ఎలా పెడుతుందో నాకు తెలుసు. నేను మోటారు గదిలో తీపి బిస్కెట్లు దాచుకుని తింటా.

చెప్పేద్దామనుకున్నా. పేపరు మడిచి, లేచి, గుమ్మం దాకా వెళ్లా. ఎక్కడ మొదలుపెట్టాలి? నట్టు గురించి చెప్పాలంటే కాలి గురించి చెప్పాలి. కాలి గురించి చెప్పాలంటే పుస్తకం గురించి. పుస్తకం గురించి చెబితే చప్పటి టీ గురించి. ఒక అబద్ధం లాగితే అల్లిందంతా ఊడి వస్తుంది. ఆవిడ అక్క ఇంకా లైన్లోనే ఉంది.

"ఏం కావాలండీ?" అంది.

"ఏం లేదు, ఏ అంతస్తులో ఆగిందో కనుక్కుందామని" అన్నా. ఇద్దరూ నవ్వుకున్నారు.

జూన్ 17, మంగళవారం

గుంట చుట్టూ నల్లబడింది. బూటు నలుపు అంటుకుని ఉంటుంది.

కడిగా. పోలేదు.

జూన్ 18, బుధవారం

మేజోళ్లు నేనే ఉతుక్కుంటున్నా. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "పాతికేళ్లలో ఒక చేతిరుమాలు ఉతికిన పాపాన పోలేదు. ఏంటీ కొత్త భక్తి?"

"చివరి రోజుల్లో పుణ్యం మూటగట్టుకుంటున్నా."

"ఆ మాటలే వద్దన్నానా!" అని చెంప మీద చిన్నగా కొట్టి, చెయ్యి అక్కడే ఆపింది. "ఒళ్లు వెచ్చగా ఉందేంటి?"

ఎండలో తిరిగా అన్నా.

జూన్ 19, గురువారం

ఆస్పత్రి పక్కన హోటలు. షాఫ్టు అడుగున గోతిలో పని. నిచ్చెన మీద నేను, కింద గోతిలో బావ. సగం దిగాక లైటు పోయింది.

ఇన్నాళ్లూ నాకే తెలీని సంగతి ఒకటి అప్పుడు తెలిసింది. నేను నిచ్చెన దిగేది కాళ్లతో కాదు, కళ్లతో. చూసుకుంటేనే కాలు మెట్టు మీద ఉందో గాలిలో ఉందో తెలుస్తుంది. చీకట్లో ఎడమ కాలు మెట్టు మీద వేశాననుకున్నా. వెయ్యలేదు. చేతిలో పానాతో సహా బావ మీద పడ్డా. పానా వాడి చెవి పక్కనుంచి పోయింది.

లైటొచ్చింది. ఇద్దరం గోతిలో ఒకడి మీద ఒకడు. వాడు పగలబడి నవ్వుతున్నాడు. "ఎత్తుకోమంటే ఎత్తుకుంటా కదా బావా! దూకడం ఎందుకు?"

నేనూ నవ్వా. వాడి చెవి కింద చిన్న గీత, నూనె మరకలా. నూనె కాదు.

అంతలో వాడు ముక్కు ఎగబీల్చాడు. "ఏదో ఎలక చచ్చింది బావా ఈ గోతిలో."

"అవును" అన్నా.

"వెతుకుదాం. రేపు హోటలోళ్లు మననే అంటారు."

వెతికాం. టార్చి పట్టుకుని, స్ప్రింగుల వెనకా, తీగల కిందా, మూలల్లో. అరగంట. నేనెటు వెళితే అటే వాసనుందంటాడు. "అదిగో, నీ పక్కనే ఎక్కడో ఉంది, బాగా చూడు" అంటాడు. నేను ఒంగి చూస్తా. "కనిపించిందా?" "లేదు." "కొంచెం జరుగు, నేను చూస్తా."

ఎలక దొరకలేదు.

జూన్ 20, శుక్రవారం

వణుకు. పనికి వెళ్లలేదు. 388.

పుస్తకంలో ఏం రాయాలో తోచలేదు. 120 రాశా.

జూన్ 23, సోమవారం

ఆస్పత్రి. ఎడమ చేతికి సూది గుచ్చి ఉంది, కుడి చేత్తో రాస్తున్నా. డైరీ తెచ్చి పెట్టమంటే మా ఆవిడే తెచ్చింది, ఆఫీసు పుస్తకం అనుకుని. తెరవలేదు. ఇప్పుడు తెరిచినా పరవాలేదు.

శనివారం నేను జ్వరంలో మూలుగుతుంటే మేజోడు లాగింది. మేజోడు రాలేదు, తోలుతో కలిసి అంటుకుపోయింది. ఆవిడ అరవలేదు. పక్కింటివాళ్లని పిలిచి, బండి మాట్లాడి, మెట్లు దింపించి, తాళం వేసి, అన్నీ చేసింది. వచ్చేటప్పుడు ఆ షుగరు పుస్తకం చేతిలో పట్టుకుంది.

డాక్టర్ వస్తే మొదట అదే ఇచ్చింది.

"చూడండి సార్. రోజూ రాశారు. ఒక్కరోజు తప్పలేదు. ఇంచుమించు అన్నీ నూట ఇరవై లోపే. మరి కాలు ఇలా ఎందుకైందో నాకర్థం కావట్లేదు. మీ మందు పడలేదేమో."

నాకోసం డాక్టర్తో పోట్లాడుతోంది. నేను కళ్లు మూసుకున్నా.

డాక్టర్ పుస్తకం పేజీలు తిప్పాడు. రక్తం రిపోర్టు తీసి దాని పక్కన పెట్టాడు. "మూడు నెలల సగటు చూస్తే, ఈ ఇంట్లో నూట ఇరవై అన్న అంకె ఒక్కసారి కూడా వచ్చి ఉండదమ్మా" అన్నాడు. మెల్లిగానే అన్నాడు.

ఆవిడ పుస్తకం వైపు చూసింది. రిపోర్టు వైపు చూసింది. నా వైపు చూడలేదు. పుస్తకం మళ్లీ చేతిలోకి తీసుకుని, చీర కొంగుతో అట్ట తుడిచి, సంచిలో పెట్టుకుంది. ఎందుకు తుడిచిందో.

"ఎలా తగిలింది? ఎన్నాళ్లైంది?" అన్నాడు నన్ను.

"బూటు కరిచింది సార్. మంచి జాతి బూటు."

ఎవరూ నవ్వలేదు.

రెండు వేళ్లు తియ్యాలట. తీస్తే పాదం మిగలొచ్చు. "మిగలొచ్చు" అన్నాడు. "మిగులుతుంది" అనలేదు. రేపు పొద్దున.

జూన్ 24, మంగళవారం

తీసుకెళ్లే ముందు రాస్తున్నా. మా ఆవిడ నిన్నట్నించి నాలుగు మాటలు మాట్లాడింది. "నీళ్లు తాగుతారా?" రెండుసార్లు.

ఇందాక ఐదో మాట. "పోనీ, నాకు చెబితే నేను కూడా దొంగ అంకెలు వేసేదాన్ని కదా, ఇద్దరం కలిసి."

అది జోకో, తిట్టో, ఏడుపో తెలీలేదు. నా జోకులు విన్నవాళ్లకి ఇలాగే ఉంటుందేమో.

జూన్ 26, గురువారం

వేళ్లు పోయాయి. పాదం ఉంది. డాక్టర్ కట్టు విప్పి చూసి, "మిగిలింది" అన్నాడు. మా ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

పోయిన వేళ్లు దురద పెడుతున్నాయి. ఉన్నప్పుడు నోరెత్తలేదు.

జూన్ 28, శనివారం

ఈ పొద్దున బావ వచ్చాడు. ముందు రెండుసార్లు వచ్చి బయట్నించే వెళ్లిపోయాడట, మా ఆవిడ చెప్పింది. చెవి కింద గీత ఎండి నల్లగా ఉంది. మా ఆవిడ వాడికి కుర్చీ వేసి, మందులకని కిందికెళ్లింది.

వాడు కుర్చీలో కూర్చోలేదు. కట్టు వైపు చూసి, కిటికీ వైపు చూసి, మళ్లీ కట్టు వైపు చూశాడు.

"చెల్లెమ్మ చెప్పింది. బూటులో ఏదో ఉండి ఉంటుందని డాక్టర్ అన్నాడట."

"డాక్టర్లు అలాగే అంటారు. ఫీజు అంతుంటే ఏదో ఒకటి అనాలి కదా."

"బావా." గొంతు వాడిదిలా లేదు. "ఆ నట్టు నువ్వు తొడుక్కోగానే తీసేశావు కదా?"

వాడు తెచ్చిన పళ్ల సంచి వైపు చూశా.

"తొడుక్కోగానే తీశానన్నావు. టీకొట్టాయన కూడా విన్నాడు. తీసేశావు కదా? ఇది వేరే కదా? బూటు కరిచిందే కదా?"

అవును అంటే చాలు. ఒక్క మాట. వాడు కుర్చీలో కూర్చుంటాడు, నన్ను తిడతాడు, తెచ్చిన పళ్లు వాడే తింటాడు. అవును అందామని నోరు తెరిచా కూడా.

వాడే మళ్లీ అన్నాడు. "వేరేవాడిని నాకు జోడీ ఇస్తామన్నారు, వద్దన్నా. మా బావ వచ్చేదాకా ఆగుతానన్నా. నువ్వు రా. ఎప్పట్లా నిచ్చెన మీద నువ్వు, కింద నేను. పడితే పడ్డావు, పట్టుకోవడానికి నేనున్నా కదా."

నాకు పానా కనిపించింది, వాడి చెవి పక్కనుంచి పోవడం.

"తియ్యలేదు బావా" అన్నా. "సాయంత్రం దాకా అందులోనే ఉంది. నాకు తెలీలేదు."

వాడు నా మొహం చూశాడు. మూతి పక్కకి లాగాడు, నవ్వు వచ్చే ముందు లాగినట్టు. "నీ యవ్వారం! పది నంబర్ నట్టు తెలీకపోవడం ఏంటి? ఇంత లావుంటుంది. ఏనుగుకైనా తెలుస్తుంది. ఇప్పుడు కూడా వేస్తున్నావా ఎత్తు?"

"ఒట్టు."

"నువ్వు ఒట్టేస్తే అసలు నమ్మను."

నిజమే. ఇరవై రెండేళ్లలో వాడి ముందు వేసిన ఒట్లన్నీ దొంగ ఒట్లే. ఎలా నమ్మించాలో తోచలేదు. దుప్పటి లాగి కుడి కాలు బయటపెట్టా.

"ఇది మంచి కాలు. దీనికి అన్నీ తెలుస్తాయి. నేను కళ్లు మూసుకుంటా, నువ్వు ఏదో ఒక వేలు పట్టుకో. ఏ వేలో చెప్తా. తర్వాత ఎడమ కాలి మడమ దగ్గర పట్టుకుందువు గాని, అప్పుడు నోరు మూసుకుని ఉంటా. తేడా నువ్వే చూద్దువు."

"వేషాలెయ్యకు."

"కళ్లు మూసుకున్నా. కానీయ్."

కుర్చీ జరిగిన చప్పుడైంది. వరండాలో ఎవరిదో చక్రాల మంచం పోయింది. నేను ఆగా. వాడు ఏ వేలు పట్టుకుంటాడా అని మనసంతా కాలి మీదే పెట్టుకున్నా. బొటనవేలే పట్టుకుంటాడు, వాడికి అంతకన్నా బుర్ర లేదు అనుకున్నా.

"కానీయ్ బావా. ఎంతసేపు?"

కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నా.

"భయపడుతున్నావేంట్రా, కాలే కదా. పట్టుకో."

అప్పుడు వాడి ఊపిరి వినిపించింది, దగ్గర్నించి, కింద్నించి. కళ్లు తెరిచా.

మంచం చివర మోకాళ్ల మీద ఉన్నాడు. నా కుడి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు, వేళ్లు తెల్లబడేంత గట్టిగా. గోరు నా బొటనవేలిలో దిగి ఉంది.

"ఎప్పుడో పట్టుకున్నా బావా" అన్నాడు.